చార్ దీవారీకి బయటి పక్క

బెళుగుప్పలో గోడలకు కొదవ లేదు. వాన అరుదైన ఊళ్ళో గోడ మీద రాత ఏళ్ళ తరబడి చెరగదు. బోరు వేసేవాళ్ళ ఫోను నంబర్లు, పార్టీ గుర్తులు, విత్తనాల ప్రకటనలు. వాటి మధ్య పసుపు రంగు మీద నీలి అక్షరాలతో ఆడపిల్లను చదివించమనే సర్కారు మాట. ఆ మాట రాసినవాడు మగవాడు. రాయించినవాడు మగవాడు. దాని కింద అరుగు మీద కూర్చుని పేపరు తిరగేసేవాళ్ళూ మగవాళ్ళే. చదివించాల్సిన పిల్ల మాత్రం పుస్తకాలు గుండెలకు ఆనించుకుని, ఆ గోడ పక్కనుంచే తలదించుకుని గబగబా నడిచిపోతుంది. తన గురించి రాసిన రాతను నిలబడి చదివే తీరిక ఆమెకు ఎవరూ ఇవ్వలేదు.

ఈ పది పదిహేనేళ్ళలో కొత్త సంగతి ఒకటి మొదలైంది. కుర్రకారు గుంపులుగా వచ్చి గోడలకు బొమ్మలు వేస్తున్నారు. ఆడపిల్లల చేతికి బ్రష్షులిస్తున్నారు. ఆడపని, మగపని అనే మూసలను బొమ్మల్లో, వీధి నాటకాల్లో పగలగొడతామంటున్నారు. దీనివల్ల పిల్లల్లో ధైర్యం పెరుగుతుందంటున్నారు. 2012 ఢిల్లీ ఘోరం తర్వాత శిలో శివ్ సులేమాన్ అనే చిత్రకారిణి ఫియర్‌లెస్ కలెక్టివ్ అని ఒకటి పెట్టి, ఆయా బస్తీల ఆడవాళ్ళతో ముందు మాట్లాడి ఆ తర్వాత వాళ్ళతో కలిసే గోడల మీద బొమ్మలు వేసింది. 2016లో హైదరాబాదు మక్తా గల్లీల్లో ఇళ్ళ గోడలన్నీ బొమ్మలయ్యాయి. స్వాతి, విజయ్ అనే భార్యాభర్తలు నిలువెత్తు గోడలకు మామూలు ఆడవాళ్ళ ముఖాలు ఎక్కిస్తున్నారు. మంచిదే. అయినా మాకు ఇందులో ఒక పేచీ ఉంది. ఆ పేచీ బొమ్మలు వేసేవాళ్ళతో కంటే మాతో మాకే ఎక్కువ.

మేము రెండు భాషల్లో వార్తలు రాసి బతికేవాళ్ళం. రెండింటిలో దేనికీ పూర్తిగా చెందని బతుకని కొందరంటారు, రెండింటికీ చెందిన బతుకని మేమంటాం. ఇటూ అటూ తిరుగుతుంటే కొన్ని మాటలు కాలికి గుచ్చుకుంటాయి. తెలుగులో ఆడమనిషి వీధిన పడిందంటే ఆమె బతుకు చెడిందని. వీధికెక్కిందంటే సిగ్గు విడిచి గొడవపడిందని. రచ్చకెక్కిందన్నా అంతే. ఉర్దూలో బాజారూ ఔరత్ అంటే ఏమిటో చెప్పే పని లేదు. బజారుకు సంబంధించిన మనిషి అని కదా దాని అసలు అర్థం? మరి పొద్దస్తమానం బజారులోనే ఉండే మగవాణ్ణి ఎవరూ ఆ మాట అనరే! భాష పేరుతో మమ్మల్ని పరాయివాళ్ళను చేసిన సందర్భాలు ఎన్నో ఉన్నాయి. ఉర్దూ తెలుగుల మధ్య తగువులు పెట్టినవాళ్ళూ ఉన్నారు. ఈ ఒక్క విషయంలో మాత్రం రెండు భాషలూ అన్నదమ్ముల్లా ఒకే నులక మంచం మీద కూర్చున్నాయి.

ఉర్దూలో ఇంకో మాట ఉంది, చార్ దీవారీ. నాలుగు గోడలు. ఇల్లు అనే అర్థంలో ఎంత గౌరవంగా వాడతామో! పాకిస్తాన్‌లో జియావుల్ హక్ ఏలిన రోజుల్లో (1977-88) చాదర్, చార్ దీవారీ అన్న రెండు మాటలూ కలిపి ఆడవాళ్ళను ఇంటికి కట్టేసే నినాదం చేశారు. ఫహ్మీదా రియాజ్ ఆ పేరుతోనే కవిత రాసి ఆ నినాదాన్ని నిలదీసింది. మేము అనేది ఏమిటంటే, ఆ నాలుగు గోడలకూ బయటి పక్క ఒకటి ఉంటుంది కదా. లోపలి పక్క పిల్లను ఆపి ఉంచుతుంది, బయటి పక్క మీద ఆ పిల్ల బొమ్మే రెక్కలు తొడుక్కుని ఎగురుతుంటుంది. రెండూ ఒకే గోడ. ఇటుక కూడా ఒకటే. బయటి పక్క రంగు వేస్తే లోపలి పక్క ఏమైనా మారుతుందా? మా ప్రశ్న ఇదే.

ఇది మాకు పుస్తకాల్లో దొరికిన ప్రశ్న కాదు, మా ఇంట్లో పుట్టింది. మా అబ్బా బోర్డు ఆర్టిస్టు. కళ్యాణదుర్గం అంగళ్ళ బోర్డులు, లారీల వెనక రాతలు, దర్గా ఉరుసుకు బ్యానర్లు, గుడి తిరునాళ్ళకు బ్యానర్లు, అన్నీ ఆయనే రాసేవాడు. తెలుగు, ఉర్దూ, కన్నడం మూడూ వచ్చు. అప్పటికి ఫ్లెక్సులు లేవు. చాక్‌పీసు పొడి పట్టించిన దారం రెండు కొసలా లాగి పట్టి చటుక్కున వదిలితే రేకు మీద తెల్లటి గీత పడేది. ఆ గీత మీద అక్షరాలు కూర్చునేవి. ఎనామిల్ పెయింటు, టర్పెంటైన్ వాసనతోనే మేము పెరిగాం.

అబ్బాకు చెయ్యి వణకడం మొదలైంది. అప్పుడు మాకు పదేళ్ళుంటాయేమో. ఆ తర్వాత ఆ బోర్డులు రాసింది మా ఆపా. ఈ సంగతి ఇంటి గడప దాటలేదు. రేకు లోపలికి వచ్చేది, వెనక గదిలో ఆపా రాసేది, ఆరిన తర్వాత మేము సైకిలు మీద కట్టుకుని కళ్యాణదుర్గం పోయి ఇచ్చి డబ్బు తెచ్చేవాళ్ళం. బోర్డు కింద మూలలో అబ్బా పేరు ఉండేది. ఆ పేరు కూడా ఆపానే రాసేది. అంగడి సేట్లు అబ్బా చేతిని మెచ్చుకుంటే మేము తలూపి వచ్చేవాళ్ళం. ఒక్కోసారి, మేమూ నేర్చుకుంటున్నామని చెప్పి ఆ మెప్పులో వాటా కూడా తీసుకున్నాం. ఇప్పుడు రాస్తుంటే సిగ్గుగా ఉంది. అప్పుడు లేదు.

గోడల పని వస్తే మాత్రం అబ్బా ఒప్పుకునేవాడు కాదు. రేకును ఇంట్లోకి తేవచ్చు, గోడను తేలేం కదా.

చాలా ఏళ్ళ తర్వాత ఒకసారి అడిగాం. నీకు అప్పట్లో భయమేసేదా ఆపా, బయటికి పోయి రాయాలంటే, అని. ఆమె మా ఇంటి ఉర్దూలో అన్నది, ఇక్కడ తెలుగులో రాస్తున్నాం. "భయమెందుకురా? నాకు లేంది నిచ్చెన. నిచ్చెన అబ్బా దగ్గరుండె, దాన్ని మోసే చేతులు నీ దగ్గరుండె."

పిల్లల్లో ధైర్యం నింపుతామని ఎవరైనా అన్నప్పుడల్లా మాకు ఈ మాట అడ్డం వస్తుంది. ధైర్యం నూనె కాదు, పిల్ల సీసా కాదు, నింపడానికి. ఆపా చేతిలో అక్షరం ఏనాడూ వంకర పోలేదు. వంకర ఉన్నది చుట్టూ ఉన్నవాళ్ళలో, అంటే మాలో. మరి పాఠం ఎవరికి చెప్పాలి?

కళ్యాణదుర్గం దారిలో ఒక ఊరి బడి గోడ మీద కూడా ఇలాంటి బొమ్మలు వేశారని విని వార్త రాయడానికి పోయాం. పట్నం నుంచి వచ్చిన కుర్రాళ్ళు, కుర్రదానులు. మంచి పిల్లలు, ఎండలో నిజాయితీగా కష్టపడుతున్నారు. గోడకు ఒక చివర క్రికెట్ ఆడే పిల్ల, నడుమ ముగ్గు పిండి పట్టుకున్న మగపిల్లాడు. అది మాకు భలే నచ్చింది. ఇంకో చివర బురఖా వేసుకున్న అమ్మాయి, కాళ్ళకు గొలుసు. గొలుసు తెగుతోంది, బురఖా జారిపోతోంది, లోపలనుంచి పక్షి. మిగతా పిల్లలందరికీ ఆట, పని, నవ్వు ఇచ్చారు. మా పిల్లకు మాత్రం గొలుసు ఇచ్చారు. తొమ్మిదో తరగతి చదివే ఒక ముస్లిం అమ్మాయి ఆ గొలుసుకే బూడిద రంగు పూస్తోంది. మమ్మల్ని చూసి మెల్లగా అడిగింది. "సార్, మా అమ్మ బురఖా ఏసుకోనే బస్సెక్కి రాయదుర్గం పోయి జీన్సు ప్యాంట్లు కుడతాది. ఆమెకు గొలుసు యాడుంది సార్?"

మేము ఏం చెప్పలేదు. వార్త కూడా పొగుడుతూనే రాశాం. ఉర్దూ పేపరుకు బురఖా బొమ్మ సంగతి వదిలేసి రాశాం, గొడవ అవుతుందని. తెలుగు పేపరుకు అదే బొమ్మను ముందు పెట్టి రాశాం, పాఠకులకు నచ్చుతుందని. ఒకే గోడను రెండు భాషల్లో రెండు రకాలుగా అమ్మాం.

ఆడ, మగ మూసలను పగలగొట్టడానికి వచ్చినవాళ్ళు ముస్లిం మూసను అంత భద్రంగా ఎలా మోసుకొచ్చారు? మన సెక్యులర్ మిత్రులు ఇక్కడ కాస్త ఆగి ఆలోచించాలి. బురఖాను తెర మీద, గోడ మీద, కార్టూన్లలో చూసి చూసి అది ఒక మనిషి వేసుకున్న గుడ్డ అన్న సంగతే మరిచారు. 2022లో పక్కనున్న కర్ణాటకలో హిజాబ్ పేరుతో ఆడపిల్లలను కాలేజీ గేటు బయట నిలబెట్టారు. ఆ ఏడాది మార్చిలో అక్కడి హైకోర్టు నిషేధం చెల్లుతుందన్నది, అక్టోబరులో సుప్రీంకోర్టు ఇద్దరు జడ్జీలు చెరో మాట చెప్పారు. గేటు బయట ఆగిన పిల్లకు చదువు పోయింది. విముక్తి పేరుతో బయట నిలబెట్టడమూ, పరువు పేరుతో లోపల నిలబెట్టడమూ, రెండింటిలోనూ ఆ పిల్లను అడిగినవాడు లేడు. అలాగని బురఖా ఎవరి ఇష్టమో వాళ్ళదే అని తేలిగ్గా చేతులు దులుపుకోవడానికీ లేదు. వద్దన్న పిల్లకు బలవంతంగా తొడిగిన ఇళ్ళు మాకు తెలుసు. ఆ ఇళ్ళలో మేము బిర్యానీ తిన్నాం.

ఇక మావాళ్ళ అభ్యంతరాలు. మొదటిది తస్వీర్. బొమ్మలు వేయడమే హరామ్ అయితే ఆడపిల్ల బొమ్మ వేయడం గురించి మాటెందుకు అంటారు. దీని మీద ఉలమాల మధ్య వాదాలున్నాయి, అందులోకి మేము పోం. కానీ ఇలా అనే పెద్దమనిషి ఇంట్లో పెళ్ళి వీడియో ఉంటుంది, జేబులోని ఫోన్లో మనవడి ఫోటో ఉంటుంది. బొమ్మ వద్దంటే అక్షరం ఉంది కదా? ఖత్తాతీ మన కళ కాదా? మద్రాసులో 1927లో మొదలైన ‘ముసల్మాన్’ అనే ఉర్దూ పత్రికను రోజూ చేత్తో రాసేవారు, ఆ కాతిబుల్లో ఆడవాళ్ళూ ఉన్నారు. బురఖా వేసుకుని ఆఫీసుకు వచ్చి, కలం పట్టి, పేజీ నింపి, జీతం తీసుకుని ఇంటికి పోయారు. మా ఆపాకు ఆ సంగతి తెలియదు. మాకూ అప్పట్లో తెలియదు.

రెండో అభ్యంతరం హయా. సిగ్గు, మర్యాద. ఆడపిల్ల వీధిలో నిచ్చెనెక్కితే నలుగురూ చూస్తారు అంటారు. సూరె నూర్‌లో 30వ ఆయతు చూపు దించుకోమని ముందు చెప్పింది మగవాళ్ళకు. ఆడవాళ్ళకు చెప్పింది ఆ తర్వాతి ఆయతులో. మసీదు బయట చెప్పుల దగ్గర నిలబడి ఈ వరస గుర్తు చేస్తే ఒక పెద్దాయన మాతో వారం రోజులు మాట్లాడలేదు. చూసేవాడి కన్ను తప్పయితే నిచ్చెన దిగాల్సింది చూడబడే మనిషా?

ఇంకో సంగతి. మా బెళుగుప్పలాంటి చోట పర్దా అనేది ఎంతమందికి ఉంది? అనంతపురం కరువు ముస్లిం ఇళ్ళను పలకరించకుండా పోలేదు. వేరుశెనగ కలుపుకు, కాయలు ఒలవడానికి, ఉపాధి పనికి మా ఆడవాళ్ళు పక్కింటి బోయ ఆడవాళ్ళతో, మాదిగ ఆడవాళ్ళతో కలిసే పోయారు. కరువెక్కువైన ఏడు బెంగుళూరు బస్సెక్కి కట్టడాల దగ్గర ఇటుకలు మోశారు. ఈ మండలంలోనే జీడిపల్లి జలాశయం కట్టి కృష్ణ నీళ్ళు తెచ్చినా, వలసల సంగతి ఒక్క చెరువుతో తీరేది కాదు. కూలికి పోయేటప్పుడు ఎవరికీ హయా గుర్తుకు రాలేదు. అంటే వీధి మా ఆడవాళ్ళకు మూసుకుపోయి లేదు. వీధిలో నడవొచ్చు, పరుగెత్తొచ్చు, బరువు మోయొచ్చు. నిలబడకూడదు, అంతే. పనిలేకుండా నిలబడే హక్కు మగవాడిది. ముంబయి వీధుల్లో ఆడవాళ్ళ గురించి శిల్పా ఫడ్కే, సమీరా ఖాన్, శిల్పా రానడే 2011లో ఒక పుస్తకం తెచ్చారు, వాళ్ళు తేల్చిందీ ఇంచుమించు ఇదే. అంత పెద్ద నగరానికీ, కాఫీ హోటలు ముందు రెండు బెంచీలుండే మా ఊరికీ ఇందులో తేడా లేదు.

బొమ్మ వేయాలంటే నిలబడాలి. గంటల తరబడి, ఒకే చోట, వీధికి వీపు పెట్టి. గోడ బొమ్మలో మాకు విలువైందిగా కనిపించేది ఇదే. బొమ్మ ఏమిటన్నది తర్వాతి మాట. ముగ్గు కూడా వీధి కళే. దాన్ని ఎవరూ కళ అనరు, రోజూ పొద్దున్నే ఆడవాళ్ళే వేస్తారు, మధ్యాహ్నానికి కాళ్ళ కింద పోతుంది. మాతో పాటు పెరిగిన దూదేకుల ఇళ్ళ ముందూ ముగ్గులుండేవి, మా ఇంటి ముందు ఉండేది కాదు, ఆపా పక్కింటి ముగ్గు చుక్కలు లెక్కపెట్టేది. ముగ్గు వంగి వేసేది. గోడ తలెత్తి వేసేది. పొద్దున్నే వంగి పనిచేసే ఆడమనిషిని చూసి ఊరు ముచ్చటపడుతుంది, పట్టపగలు తలెత్తి పనిచేస్తే ఎవరి పిల్ల అని అడుగుతుంది.

మన నేలకు ఇదంతా కొత్తగా వచ్చిన గొడవ కాదు. తాడిపత్రిలో 1880లో పుట్టిన బళ్ళారి రాఘవ ఆడపాత్రలు ఆడవాళ్ళే వేయాలని పట్టుబట్టాడు. కడప జిల్లా సురభిలో 1885లో మొదలైన నాటక కుటుంబాల్లో ఆడవాళ్ళు వేషాలు కట్టారు. నాటకాలాడే ఆడవాళ్ళను లోకం ఏమన్నదో, వాళ్ళను చూడటానికి టిక్కెట్టు కొన్నవాళ్ళే ఏమన్నారో చెప్పక్కర్లేదు. ధర్మవరం దగ్గరి నిమ్మలకుంట తోలుబొమ్మలాటలో బంగారక్క ఉంది, కేతిగాణ్ణి బూతులు తిట్టి జనాన్ని నవ్విస్తుంది. గయ్యాళి అనే మూసలోనే ఉంటూ మగవాడి మొహం మీద నాలుగు మాటలు అనే వీలు ఆ తోలుబొమ్మకు దొరికింది. మన బుర్రకథ నాజర్ (1920-1997), పొన్నెకల్లు దూదేకుల బిడ్డ, చిన్నతనంలో దేవకిలాంటి ఆడవేషాలు కట్టి పేరు తెచ్చుకున్నాడు. 1986లో పద్మశ్రీ ఇచ్చారు. తన కథకు పింజారి అని పేరు పెట్టుకున్నాడు. ఒక ముస్లిం పిల్లవాడు హిందూ పురాణంలోని తల్లిగా ఏడిస్తే జనం కూడా ఏడ్చారు. అందులో మతం మూస, మగతనం మూస రెండూ ఒకే రాత్రి పక్కకు పోయాయి. మగపిల్లలకు కూడా ఈ మూసలు ఊపిరాడనివ్వవని చెప్పడానికి ఇంతకంటే మంచి సాక్ష్యం మాకు దొరకలేదు. రాయదుర్గంలో మగవాడు మిషను తొక్కితే టైలర్ మాస్టరు, ఇంట్లో బొంత కుడితే ఆడంగి. సూది ఒకటే కదా.

కళ వల్ల నిజంగా ఏమైనా మారుతుందా అని అడిగితే నెల్లూరు దూబగుంట ఉంది. అక్షరాస్యత ఉద్యమం రోజుల్లో సారా గురించి వాచకంలో ఉన్న పాఠం, కళాజాతా పాటలు, ఇవి విన్న ఆడవాళ్ళు రోశమ్మ ముందుండగా సారా అంగడి మూయించారు. అది రాష్ట్రమంతా పాకి 1993 అక్టోబరు 1న సారా నిషేధం వచ్చింది. ఆ పాఠం ఎవరినీ వీరవనితలుగా చూపలేదు, వాళ్ళ ఊళ్ళో జరుగుతున్నదే వాళ్ళకు చెప్పింది. మాకు దాన్లో నచ్చింది అది. గోడ మీద ఝాన్సీరాణిని వేసి ఊరుకుంటే ఊరికి పుణ్యం వచ్చినట్టు ఉంటుంది, దేవత పటానికి దండ వేసినట్టు. పటంలో అమ్మవారుంటే ఇంట్లో అమ్మకు విశ్రాంతి ఉంటుందని ఎవరూ అనుకోవడం లేదు కదా.

అలాగే గోడను నెత్తికెత్తుకోవడానికీ లేదు. కాబూల్‌లో షంసియా హసాని అనే అమ్మాయి 2010 నుంచీ గోడలకు బొమ్మలు వేసింది. ఆమె బొమ్మల్లో ఆడవాళ్ళకు నోరుండదు, కళ్ళు మూసి ఉంటాయి, చేతిలో ఏదో ఒక వాద్యం ఉంటుంది. వీధిలో ఎక్కువసేపు నిలబడటం ప్రమాదమైనప్పుడు ఆమె ఆ గోడల ఫోటోలు తీసుకుని ఫోటోల మీదే బొమ్మలు వేసింది. 2021లో తాలిబాన్లు మళ్ళీ వచ్చారు. కాబూల్ అంగళ్ళ మీది ఆడవాళ్ళ ముఖాలకు సున్నం పూశారు. ఒక బకెట్టు సున్నం చాలు. చూసి మేము ఏడ్చాం. కానీ మా ఊళ్ళో ఏ బొమ్మా పడకముందే సున్నం పూసి ఉంచింది ఎవరు? దానికి తాలిబాన్లు రావాల్సిన పని లేకపోయింది.

మొన్న వేసవి సెలవుల్లో ఆపా మనవరాలు, పదో తరగతి రాసి వచ్చింది, మా ఇంటి ముందు గోడ మీద ఏదైనా వేస్తానని మొండికేసింది. ఏం వేస్తావంటే ఇంకా తెలీదన్నది. అదే మాకు నచ్చింది. పీర్ల పండక్కి గూగూడు పోయి వచ్చిన పిల్ల, ముందు పంజా వేస్తానన్నది. ఆ తర్వాత నీళ్ళ ట్యాంకరు దగ్గర కొట్లాడే ఆడవాళ్ళను వేస్తానన్నది. వాళ్ళ అబ్బా ఫోన్ చేసి నక్కో అన్నాడు, మసీదు పెద్దలు ఏమంటారోనని. ఎదురింటి వెంకటప్ప తాత అయితే "ఏమ్మా, మీ ఇండ్లలో ఒప్పుకుంటారా?" అన్నాడు, ఒప్పుకోరని ఆయనకు ముందే నమ్మకం. ఇటువైపు అనుమానం, అటువైపు అనుమానం, నడుమ బ్రష్షు పట్టుకున్న పదహారేళ్ళ పిల్ల. చివరికి బొమ్మ వద్దు, ముందు ఊరి పేరు రాస్తానన్నది, తెలుగులో, దాని కింద ఉర్దూలో. మేము అటక మీదనుంచి అబ్బా నిచ్చెన దించాం. ఒక మెట్టు పుచ్చిపోయింది, తాడు కట్టాం.

మూడు రోజులు రాసింది. మొదటి రోజు వీధిలో పిల్లకాయలు చేరి నవ్వారు. కాఫీ హోటలు బెంచీ మీదివాళ్ళు ఇటు తిరిగి కూర్చున్నారు. రెండో రోజు ఇద్దరు ఆడపిల్లలు వచ్చి రంగు డబ్బా పట్టుకుంటామన్నారు. ఒకామె సాయంత్రం రాలేదు, ఇంట్లో తిట్టారట. మూడో రోజు మా ఆపా బయటికి వచ్చింది. యాభై ఐదేళ్ళ మనిషి, మోకాళ్ళ నొప్పులు. వేపచెట్టు కింద వీధి నడుమ నిలబడి, కొంగు సర్దుకుని, నడుముకు చెయ్యి పెట్టుకుని చాలాసేపు గోడ వైపు చూసింది. బాగుందంటుందని పిల్ల ఎదురుచూసింది. ‘ళు’ కొమ్ము ఇరుకైపోయింది, ‘ప్ప’ కింద ఒత్తు గీత దాటింది, చెరిపి మళ్ళీ రాయమన్నది. పిల్ల గుడ్డ ముక్కకు టర్పెంటైన్ అద్దుకుని మళ్ళీ నిచ్చెనెక్కింది. దారం ఒక కొస ఆపా పట్టుకుంది, ఇంకో కొస మాకిచ్చింది.